సందేళ మునగాకు

బుడ్డిదీపం వెలుగుతున్నా ప్రేమలీల గోడ తడుముకుంటూ వచ్చి పీట మీద కూలబడింది. కడుపుతో ఉన్న తనకు సందేళ కళ్లు కనబడటం లేదని తెలిస్తే అత్త రెబెక్కమ్మ పుట్టింటికి పంపేస్తుందని ఆమె భయం.

"ఈ పూటా మునగాకేనా అత్తా? మేక మేసేది నాకు పెడతా ఉండావే!"

"కళ్లకు మంచిది, తిను."

"నా కళ్లకేమైంది?"

"నిన్న సందేళ నన్ను నీ మొగుడనుకొని, మైపాడు నుంచి రావడానికి ఇంతసేపా అని కసిరినావు గదమ్మే!"

"అయితే నన్ను పంపేస్తావా?"

"నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇట్టనే అయింది. మా అత్త పంపేసింది. మా అమ్మ ఈ ఆకే పెట్టి చూపు తెప్పించింది. ఆ మాత్రం నేను పెట్టలేనా?"

ప్రేమలీల చెయ్యి ముందుకు చాచి తడిమింది.

"ఇంకాస్త వెయ్యత్తా. కంచం ఎక్కడుందో నాకు కనబడటంలా."