బ్లూస్‌కు వంత

సంగీతలోకమా, క్షమించు. వందేళ్ల నాడు అమెరికాలో ఒక మహానుభావుడు పాడిన బ్లూస్ అనే విషాదగీతాలను, గరగరలన్నీ తుడిచి ఈ మధ్య మళ్లీ గ్రామఫోన్ ప్లేటుగా విడుదల చేశారు. ఆ పవిత్ర కళకు నరసరావుపేటలోని మా వరండాలో జరిగిన ఘోర అపచారాన్ని తలదించుకుని విన్నవిస్తున్నాను.

పాట మొదలైందో లేదో పక్కింటి హనుమాయమ్మ పిన్ని పరుగున వచ్చింది. కరోనాలో బాబాయి పోతే కంటతడి పెట్టని రాతిమనిషని బజారంతా చెప్పుకునే పిన్ని.

"ఎవుర్రా పోయింది? మగమనిషి ఏడుపు ఇనబడతంది."

"ఏడుపు కాదు పిన్నీ, బ్లూస్. పెళ్లాం వదిలేసి పోయిందని పాడతన్నాడు."

"పోయిందంటన్నావుగా. మరి వంతకెవురూ లేరేందిరా?"

"గిటారుంది గదా."

"అది ఊఁ కొడతంది గానీ ఏడవట్లా. ఏడిచే మనిషిని ఒంటరిగా ఒదిలేస్తారంట్రా?" అంటూ పిన్ని కింద చతికిలబడి రాగం అందుకుంది.

కళాభిమానిగా నేను అడ్డుకోవాల్సింది. రెండు చరణాలు తిరిగేసరికి ఆయనగారి పెళ్లాం కాస్తా మా బాబాయి అయిపోయాడు.

"మొకమన్నా చూపియ్యలేదే నా రాజో, నీకాడ ఏడవటానికి ఒక్కరన్నా రాలేదే" అని పిన్ని గుండెలు బాదుకుంటుంటే, ఇప్పుడు అమెరికా ఆయనే వంత పాడుతున్నాడు.

అంతలో ప్లేటు ఆ వైపు అయిపోయింది. వరండాలో పిన్ని గొంతు ఒక్కటే మిగిలింది.

నేను చేసిందల్లా ఒకటే. ప్లేటు తిప్పి పెట్టాను.