ఒప్పుకోలు సభ

“ఒప్పుకోవయ్యా మరిదీ! కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను,” అంది వదిన, సభ జరిగే హాలు మెట్ల మీద అడ్డంగా నిలబడి.

వలలు బాగుచేసే ఆమెను రేవులో అందరూ వదినా అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. ఆ పిలుపు మీద అసలు హక్కున్నవాడు మాత్రం మరిది ఒక్కడే. పడవల సంఘానికి ప్రెసిడెంటు. అతను అవునంటే రేవంతా అవునంటుంది, కాదంటే కాదంటుంది.

“ఇదొక్కటీ తప్ప ఏదైనా అడుగు వదినా. సముద్రం అడుగున గనులు తవ్వుతారట! ఆ బురద కెలికితే చేపగుడ్డు బతుకుతుందా? మన నోట్లో మనమే మట్టి కొట్టుకుంటామా?”

“చేపల సంగతి నాకు చెప్పకు. మీ అన్న ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే ఒప్పుకుందామన్నాడు.”

“అన్నయ్య మెతక మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేవాడు.”

“ఎందుకు నమ్మావని అడుగుదామంటే మనిషేడీ?” అంది వదిన. “పడవతో సహా మాయమయ్యాడు. అంత లోతుకి దిగలేమని గజ ఈతగాళ్లు చేతులెత్తేశారు. వీళ్ల మిషన్లయితే దిగుతాయట. పడవ కనబడితే పైకి తీసిస్తామని ఇంజినీరు మాటిచ్చాడు. మీ అన్న ఉన్నాడనుకోనా, పోయాడనుకోనా? తలుపు గడియ పెట్టుకోడానికి కూడా చెయ్యి రావడం లేదు నాకు.”

మరిది మొహం తిప్పుకున్నాడు.

“అడుగున ఉన్నదాన్ని అడుగునే ఉండనివ్వాలి,” అని విసవిసా లోపలికి వెళ్లిపోయాడు.

వదినకు ఒళ్లు మండిపోయింది. తోడబుట్టినవాడి కంటే చేపలెక్కువైపోయాయా వీడికి?

హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి లేదు. గొడవలవుతాయని ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కిందటిసారి కంపెనీ పోగుచేసిన సంతకాల్లో ఎప్పుడో చచ్చినవాళ్లవి కూడా ఉన్నాయని రచ్చయింది మరి. అందుకని ఈసారి కాగితాల్లేవు. సంఘాల పెద్దలు మైకు ముందుకొచ్చి, కెమెరా తిరుగుతుండగా, ‘ఒప్పుకుంటున్నాను’ అనో ‘ఒప్పుకోను’ అనో నోటితో చెప్పాలి. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం కుదరదు.

కంపెనీ అధికారి తేనె పూసిన మాటలు చెప్పాడు. ఇంజినీరు మాడిన బంగాళాదుంపల్లాంటి నల్లరాళ్లు బల్ల మీద పోసి, బ్యాటరీలకు కావలసిన లోహాలన్నీ వీటిలోనే ఉన్నాయన్నాడు. ఐసు మిల్లు వాళ్లు ఒప్పుకున్నారు. లారీల వాళ్లూ ఒప్పుకున్నారు. ఇక మిగిలింది పడవల సంఘమే.

“ప్రెసిడెంటు గారు చెప్పేముందు మా కెమెరా పనితనం కాస్త చూడండి. నిన్ననే తీశాం,” అన్నాడు ఇంజినీరు.

తెర మీద బూడిదరంగు బురద. చేప లేదు, నాచు లేదు. లైటు వెలుగు మెల్లగా జరుగుతూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ ఒక పడవ పక్కకు ఒరిగి, సగం కూరుకుపోయి ఉంది.

వదిన దిగ్గున లేచింది. పడవ ముందు భాగాన ఉన్న ఎర్ర అతుక్కి రంగు వేసింది ఆమే.

“మాదే... మా పడవే!”

జనమంతా మెడలు సాచి తెరకేసి చూశారు.

“ఇంకా ఉందమ్మా, పడవ కిందివైపు కూడా తీశాం. ఉండండి, చూపిస్తాను,” అన్నాడు ఇంజినీరు హుషారుగా.

“ఆపండి!” ప్రెసిడెంటు మైకు లాక్కున్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది.

వదిన జనాన్ని తోసుకుంటూ వెళ్లి అతని ముందు చేతులు జోడించింది. “కళ్లారా చూశావుగా! ఇప్పటికైనా ఒప్పుకో మరిదీ.”

అతను ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయాడు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఒప్పుకుంటున్నాను.”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. “అమ్ముడుపోయాడ్రా!” అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అధికారి పరుగున వచ్చి చెయ్యి కలపబోయాడు. వదినకు కన్నీళ్లు ఆగలేదు. ఎంతైనా రక్తసంబంధం, అన్న కోసం పంతం వదులుకున్నాడు, అనవసరంగా ఆడిపోసుకున్నానే అని నొచ్చుకుంది.

“నీ మేలు ఈ జన్మలో మర్చిపోను మరిదీ!”

అతను మైకు వదల్లేదు. చప్పట్లు సద్దుమణిగేదాకా ఆగాడు.

“నేను ఒప్పుకున్నది తవ్వకానికి కాదు వదినా. ఆ పడవకు చిల్లు పెట్టింది నేనే.”