మొదటి శ్రోత

ఆ మధ్యాహ్నం అతను కథ కాగితాల్ని అడ్డంగా చింపి పార్కు చెత్తబుట్టలో పడేశాడు.

పక్క బెంచీ మీది పెద్దావిడ లేచొచ్చి, ముక్కలు ఏరి అతని ఒళ్ళో పెట్టింది.

"ఏమిటి నాయనా ఇవి?"

"కథండీ. పత్రిక నుంచి తిరిగొచ్చింది."

ఎదురుగా ఉన్న కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. భోజనం వేళకి డబ్బా పట్టుకుని ఆ పార్కులోకి వస్తాడు.

షాపులో అందరూ అతన్ని 'రైటరు గారు' అంటారు. మొదట్లో గౌరవంగానే అనేవాళ్ళు. పంపిన కథ పంపినట్టే తిరిగొస్తుంటే ఆ పిలుపు వెటకారంలోకి దిగింది.

భార్య వెటకారం చేయదు. పోనీలెండి, మనకి రాసిపెట్టి లేదు అంటుంది. అదే అతనికి ఇంకా గుచ్చుకుంటుంది.

ఇక కలం ముట్టనని ఆ పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు.

పెద్దావిడ ఎదురు బెంచీకి మారి కూర్చుంది. అదేం కథో చదివి వినిపించమంది.

వద్దనలేక ముక్కలు జతచేసుకుంటూ మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఆపేసింది.

"కాగితంలో తల దూర్చి గొణిగితే ఎలా? నా వంక చూసి చెప్పు."

తలెత్తి చెప్పాడు. ఆవిడ రెప్ప వాల్చకుండా కూర్చుంది. నడిమధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ ముక్క తీసెయ్."

అది అతను ఎంతో మురిసిపోతూ రాసుకున్న సూర్యాస్తమయం. మనసులోనే తిట్టుకున్నాడు. కానీ ఇంటికెళ్ళి ఆ ముక్క తీసేసి చూసుకుంటే, కథకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

మర్నాడు ఆవిడ ముందే వచ్చి కూర్చుంది. ఇవాళేం తెచ్చావని అడిగింది.

ఏమీ తేలేదు. ఆవిడ ఉసూరుమంటే అతనికి సిగ్గేసింది. ఆ మర్నాటి కోసం పొద్దున్నే లేచి ఒక పేజీ రాశాడు. ఒట్టు సంగతి గుర్తే రాలేదు.

తర్వాత రోజూ రాయక తప్పలేదు. వట్టి చేతుల్తో ఎదురుపడాలంటే మొహం చెల్లేది కాదు.

ఆవిడ సాహిత్యం గురించి ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఆ పత్రికవాళ్ళకి ఎలాంటి కథలంటే ఇష్టమని మాత్రం ఒకసారి అడిగింది. పంపడమే గానీ, ఆ పత్రిక చదివి ఎన్నాళ్ళయిందో అతనికే తెలీదు. ఇంటికెళ్తూ ఒక సంచిక కొనుక్కున్నాడు.

ఒకచోట వద్దన్న కథని బీరువాలో పెట్టుకుని కుమలొద్దంది.

"ఒక షాపులో పని లేదంటే ఇంకో షాపుకి వెళ్ళలేదా నువ్వు? దాన్నీ అలాగే పంపు."

పంపాక దాని కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోకుండా కొత్తది మొదలుపెట్టమంది.

వానలు వెనకబట్టేసరికి మొదటి కథ అచ్చయింది. పత్రిక తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అతని పేరు మీద వేలితో మెల్లగా నిమిరింది.

"ఇప్పుడు చెప్పు."

"అచ్చయింది కదమ్మా, మీరే చదువుకోండి."

"చదువుకుంటాలే. నువ్వు చెప్పు."

మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి చెయ్యి అడ్డం రాలేదు. ఆవిడ కళ్ళు మాత్రం తడిశాయి.

రెండో కథ, ఆ వెనకే మూడోది పడ్డాయి. తోటి రచయితలతో పరిచయాలు పెరిగాయి. మధ్యాహ్నాలు వాళ్ళతో ఫోన్లలోనే గడిచిపోయేవి. పార్కుకి వెళ్ళడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది.

ఒక సభలో మీ గురువెవరని అడిగారు. ఎవరూ లేరు, అంతా స్వయంకృషే అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఓ రోజు షాపు గుమ్మంలోంచి చూస్తే ఆవిడ అటు తిరిగి వెళ్ళిపోతోంది.

"అమ్మా!" అని పిలిచాడు. ఇంకోసారి గొంతు పెంచి పిలిచాడు. దారిన పోయేవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. ఆవిడ తిరగలేదు.

అలిగిందనుకున్నాడు. అంత అలగాల్సిన పని నేనేం చేశానని అతనికీ రోషం వచ్చింది. గబగబా వెళ్ళి ఆవిడ ముందు నిలబడితే సరిపోయేది. లోపలికొచ్చి మళ్ళీ అద్దం అరగదీస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అతని కథలు పుస్తకంగా వచ్చాయి. మొదటి ప్రతి చేతిలో పడగానే రోషం ఏమైపోయిందో తెలీలేదు. అది ఎవరికివ్వాలో ఆలోచించే పనే లేకపోయింది.

పార్కులో కొన్నాళ్ళు కాపు కాశాడు. ఆవిడ రాలేదు. చివరికి తోటమాలి ఇల్లు చూపించాడు.

తలుపు తీసింది ఆవిడ కోడలు. అత్తయ్య పోయి నెల దాటిందని చెప్పి, లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

అతను పుస్తకం తీసి ఆమె వైపు చాచాడు.

"ఈ కథలన్నీ ముందు మీ అత్తగారే విన్నారమ్మా," అన్నాడు. "ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆవిడే చెప్పారు. నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు."

కోడలు పుస్తకం అందుకోబోతూ ఆగి, అతని వంక చూసింది.

"అత్తయ్యకి వినపడేది కాదండీ," అంది మెల్లగా. "నేను ఈ ఇంటికి రాకముందే రెండు చెవులూ పోయాయి. పెదాలు చూసి మాటలు పోల్చుకునేవారు, మనిషి మనసుపెట్టి చెబుతున్నాడో లేదో మాత్రం మొహం చూసి పట్టేసేవారు."