చందమామ మీద బంతాట

“చచ్చిందా ఫోను? చావదా మరి! పొద్దస్తమానం ఆ ఇనప బొమ్మల బంతాట చూస్తా కూర్చుంటే!” చెంచయ్య ఫోనును వలల మీదికి గిరాటేశాడు.

“చార్జి అరవై ఉండింది బావా! పొద్దున నేను చూసినా!” అన్నాడు మధుబాబు.

“నోరు ముయ్యరా! మీ అక్క ముఖం చూసి ఊరకున్నా.”

ఇంజను ఆగి గంటయింది. పడమటి గాలి బోటును నడి సముద్రానికి ఈడ్చుకుపోతోంది. మైపాడు ఒడ్డున సరుగుడు తోపు సన్నటి గీతయి, అదీ మాయమైంది. ఇద్దరికీ ఉన్నది ఆ ఫోనొక్కటే. అది బతికుంటే ఈపాటికి ఊళ్ళోంచి ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. తనే చంపాడా? మధుబాబుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ జపాను సీరియలంటే అతనికి ప్రాణమే. మేడంత ఇనప బొమ్మల్లో మనుషులు కూర్చుని చందమామ మీద బాస్కెట్‌బాల్ ఆడతారు. ఆఖరి భాగం ఇంటికెళ్ళి తీరిగ్గా చూద్దామని దాచుకున్నాడు కూడా. పాడు పిచ్చి! దానివల్ల ఇవాళ అక్క పసుపుకుంకుమలే పోయేట్టున్నాయి.

“బావా! అదిగో, మనూరి పెంచలకృష్ణ బోటు!”

అలలు మనిషెత్తు లేస్తున్నాయి. పెంచలకృష్ణ ఇరవై గజాల దూరంలోనే నిలిపేశాడు. “ఇంకా దగ్గరికొస్తే రెండూ గుద్దుకుంటాయన్నా! తాడు విసురు!” తడి చేతులకు చిక్కదని చేపల గంప ఎత్తి పట్టుకున్నాడు.

మధుబాబు తాడు కొసకు వలను తేల్చే బంతంత బెండు కట్టి విసిరాడు. గాలి ఎటో తోసేసింది. లాగి మళ్ళీ విసిరాడు. గంపకు రెండు బారలు ఇవతల నీళ్ళలో పడింది.

“డీజిలు చాలదన్నా! ఇంకొక్కసారే! ఆపైన నేను పోవాల!”

మధుబాబు తాడు లాగి, బెండు చేతిలోకి తీసుకున్నాడు. “నావల్ల కాదు బావా!”

చెంచయ్య బెండు లాక్కున్నాడు. లాక్కుని, గంపకు వీపు తిప్పి నిలబడ్డాడు.

“ఇదేంది బావా! గంప అటుండాది!”

చెంచయ్య మోకాళ్ళు వంచాడు. అల బోటును పైకెత్తేదాకా ఆగి, బెండును తల మీదుగా వెనక్కి వదిలాడు. అది ఎత్తుగా లేచి, గాలికి ఒంగి, తిన్నగా గంపలో పడింది.

తాడు బిగుసుకుంది. బోటు ఒడ్డువైపు తిరిగింది. మధుబాబు కూలబడి భోరుమన్నాడు. కాస్త తేరుకున్నాక, “అట్ట విసరడం యాడ నేర్చినావు బావా?” అన్నాడు.

చెంచయ్య చచ్చిన ఫోనును తీసి, లుంగీతో తుడిచి, బావమరిది చేతిలో పెట్టాడు. కళ్ళు మాత్రం కలపలేదు.

“ఆఖరి భాగంలో ఎర్రబొమ్మ అట్టనే ఏసింది గదరా... మీ అక్కకు చెప్పబాక. నువ్వు కునుకు తీస్తాంటే, మళ్ళీ మళ్ళీ చూసి, ఆ అరవై నేనే అవజేసినా.”