కుదరని తలుపు

సెల్లార్లో కనిపించే ఆ ముసలాయన ఏదో కార్ల రిపేరు షాపు బ్రోకరని పై అంతస్తు శారదాదేవిగారు అన్నారట. వాచ్‌మన్ భిక్షం ఆ మాట మోసుకొచ్చి శ్రీకృష్ణ చెవిన వేశాడు.

“సొంతంగ రిపేరు చేసుకునేటోళ్లను చూసుకుంటడంట సార్. పని చెడగొట్టి షాపుకు తోలిస్తడంట. నాకైతే తెల్వది, అమ్మగారు అన్నరు.”

శ్రీకృష్ణ నవ్వి ఊరుకున్నాడు.

అతని ఉద్యోగం హైటెక్ సిటీలో, సొంతవాళ్లంతా కాకినాడలో. ఫిలింనగర్‌లోని ఈ అపార్ట్‌మెంటులో ఆదివారం వస్తే పలకరించే దిక్కు లేదు.

ఆమధ్య లారీ రాసుకుపోయి కారు తలుపు నలిగిపోతే, షాపుకివ్వకుండా పాత సామాన్ల దుకాణంలో తలుపు కొని తెచ్చుకున్నాడు. తనే బిగించుకోవచ్చనుకున్నాడు.

తీరా మొదలుపెట్టాక తెలిసింది. ఒకరు పట్టుకుంటే తప్ప ఇంకొకరు బిగించలేరు.

సెల్లార్లో అందరూ చూసి పోయారు. గేటు బయటినుంచి చూసిన ఈ ముసలాయన, నర్సింహ, ఒక్కడే లోపలికొచ్చాడు.

“జర నేను పట్టుకోనా సార్?”

సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో ఒక్కడినే కిరాయికి ఉంటానన్నాడు.

“సినిమాల్లో వేషాలేస్తావా?”

“ఈ మొకానికా?” అన్నాడు నర్సింహ.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. తలుపు పట్టుకుని కబుర్లు చెప్పేవాడు.

“ఏం కూర చేసినవ్ సార్?”

“పెరుగన్నం.”

“అది కూర గాదు సార్, బద్దకం.”

వారం మొత్తంలో శ్రీకృష్ణ నవ్వేది అప్పుడే.

తలుపు మాత్రం కుదిరేది కాదు. ఒక మూల సరిపడితే ఇంకో మూల లేచేది. వచ్చేవారం చూద్దాంలే అనుకుని ఇద్దరూ టీ తాగేవాళ్లు.

భిక్షం చెప్పిన మాట విన్న ఆ ఆదివారం మాత్రం శ్రీకృష్ణ కన్ను పని మీద లేదు, నర్సింహ చేతుల మీద ఉంది.

ఆఖరి బోల్టు బిగుసుకోబోతుంటే ఆ చేతులు మెల్లగా కిందికి దిగాయి. జారడం కాదు, దించడమే.

శ్రీకృష్ణ పానా విసిరికొట్టాడు.

“షాపువాడు నీకెంతిస్తాడయ్యా?”

“ఏ షాపు సార్?”

“నాటకాలొద్దు. ఇంకెప్పుడూ ఇటు రాకు.”

నర్సింహ తలుపును గీత పడకుండా గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం శ్రీకృష్ణ ఒక్కడే తలుపుతో కుస్తీ పట్టాడు. అలవాటుగా రెండు టీలు తెప్పించాడు. రెండోది చల్లారాక పారబోశాడు.

చివరికి తలుపును ఎలాగో తగిలించి, తాడుతో కట్టి, ఆఫీసులో ఎవరో చెప్పిన మోతీనగర్ షాపుకు వెళ్లాడు.

“మీ ఓనర్ని పిలువు” అన్నాడు అక్కడి పనివాడితో.

ఓ కారు కిందినుంచి నర్సింహ బయటికొచ్చాడు.

నర్సింహ తాడు విప్పాడు. తలుపును మోకాలితో ఎత్తిపట్టి, ఎవరి సాయమూ అడక్కుండా బోల్టులన్నీ బిగించేశాడు.

తలుపు మెత్తగా మూసుకుంది.

“షాపు నీదేనా? ఇంత పని తెలిసినవాడివి, మొదటి ఆదివారమే బిగించేస్తే పోయేదిగా?”

నర్సింహ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

“గప్పుడే అయిపోతే, మల్లొచ్చే ఆదివారం నన్ను రమ్మంటుంటివా సార్?”