ఉన్నది ఉన్నట్టు

ఈ రోజుల్లో పెళ్లికి వచ్చినవాళ్లంతా, అన్నీ అందంగా చూపించే కళ్లజోళ్లు పెట్టుకునే కూర్చుంటారు. నా పాత కెమెరా ఉన్నది ఉన్నట్టే తీస్తుంది. పెళ్లికూతురు హిమజ పట్టుబట్టి నన్ను పిలిపించుకుంది అందుకే.

పీటల మీదికి వెళ్లేముందు హిమజ వంగి వాళ్ల నానమ్మ కాళ్లకు మొక్కింది. తీసిన ఫోటో చూసుకున్నాను. నా కళ్లజోడులో నానమ్మ కనిపిస్తున్న కుర్చీ, ఫోటోలో ఖాళీగా ఉంది.

హిమజ తల్లి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“మా అత్తగారు పొద్దున్నే పోయారమ్మా. తెలిస్తే మైలని పెళ్లి ఆపేస్తారు. అందుకే కళ్లజోళ్లలో ఆవిడ బొమ్మని కూర్చోబెట్టాం. పిల్లకి చెప్పకు, తట్టుకోలేదు.”

తాళి కట్టడం అయ్యాక హిమజ నన్ను దగ్గరికి పిలిచింది. నవ్వుమొహం చెదరనివ్వకుండా చెవిలో అంది.

“నానమ్మ కాళ్లు నా చేతికి తగల్లేదక్కా. ఆ ఫోటో అమ్మకి చూపించకు. తట్టుకోలేదు.”