ఐదు స్టార్ల నవ్వు

"అవ్వా, జర నోరు తెరువు. ఇంకొంచెం."

ప్రేమ్‌సాగర్ ఒక వేలితో నాయనమ్మ అండాలు పై పెదవి లేపి, రెండో చేత్తో ఫోన్ దగ్గరగా పట్టాడు.

"మొన్ననే తీసినవు గదరా?"

"గది మసక పడ్డది, ఫోన్ల ఆట తీసుకోలే. తీసుకుంటే మల్ల ఇయ్యనియ్యదు. ఒకరి పళ్లు ఒక్కపారే. రెండోపారి పంపితే, ముందు పంపినోని పేరు జూపి తిప్పి కొడతది."

ఫొటో పడింది. ముసలామె పక్కకు తిరిగి ఉమ్మింది.

గడప మీద కూర్చున్న గోపయ్య కొడుకు వంక ముఖం చిట్లించి చూశాడు. "అంగడ్ల ఎద్దుకు చూసినట్టు చూస్తున్నవు. పైసలిస్తరా దీనికి?"

"పైసల్లేవు నాయినా, స్టార్లు. తెల్లపళ్లకు ఒకటి, గారపళ్లకు అయిదు. గీ ఫొటోలన్ని చూసి కంప్యూటరు ఫ్లోరైడు రోగం గుర్తువట్టుడు నేర్చుకుంటదట. ఎక్కువ పంపినోనికి కిరీటం."

"యాడున్నది కిరీటం?"

"ఫోన్ల."

గోపయ్య కూడా ఉమ్మాడు.

మర్రిగూడ పక్కనున్న ఆ పల్లెలో బోరునీళ్లు తాగి పెరిగిన ప్రతి నోరూ ప్రేమ్‌సాగర్ ఆటకు పనికొచ్చింది. పత్తి చేన్లలో అడిగాడు, చాయ్ హోటల్లో అడిగాడు, చావింట్లోనూ అడిగాడు. అయినా కిరీటం దక్కలేదు. ఆటలో ఎవరూ సొంత పేరు పెట్టుకోరు. పాలపిట్ట అని పెట్టుకున్న ఎవడో ఎప్పుడూ వాడికి ఒక మెట్టు పైనే ఉంటున్నాడు.

ఊళ్లో ఇక మిగిలింది అక్క కరుణ.

"ఒక్కపారి నవ్వక్కా. మొకం పడదు, పళ్లే పడతయి. గా పాలపిట్టగాణ్ణి దాటిపోత."

"ఛీ, పో!" కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అంది కరుణ. "వచ్చిన సంబంధాలన్ని గీ పళ్లు చూసే పోయినయి. నీకు ఆటైందా?"

ఆ ఆదివారం మధ్యాహ్నం మరో సంబంధం వచ్చింది. కొల్లాపూర్ అబ్బాయి శివకృష్ణ, వెంట మధ్యవర్తి రాములు. పెద్దవాళ్లెవరూ రాలేదు.

గోపయ్య రాములును పక్కకు పిలిచాడు. "కృష్ణ నీళ్లు తాగిన పిలగాడు. మన దిక్కు పిల్లను చేసుకుంటడా?"

"గీ దిక్కు పిల్లే కావాలంటడు బావా. మర్రిగూడ చుట్టు ఊరూరు తిప్పిన. యాడ కుదురలే. మీ పిల్ల అదృష్టమేమో!"

పిల్లతో రెండు మాటలు మాట్లాడతానన్నాడు శివకృష్ణ. బర్రెల కొట్టం పక్కన నిలబడ్డారు. కరుణ కొంగు దించలేదు.

"నా పళ్లు మంచిగుండయి," ముందే చెప్పేసింది.

"తెలుసు. నాకు గా ఫికర్ లేదు."

"అందరు ముందు గట్లనే అంటరు. చూసినంక లేచిపోతరు."

"నీ నవ్వు చూద్దామనే గింత దూరం వచ్చిన." గొంతు తగ్గించాడు. "అవునుగని, రాములు మామ వెనక కూసుంటే నా బండి ముందు చక్రం గాలిల లేస్తున్నది. దేవరకొండ నుంచి గుర్రం మీద వచ్చినట్టే వచ్చిన."

కరుణకు నవ్వు ఆగలేదు. కొంగు జారింది. అతను ముఖం తిప్పుకోలేదు. ఫోన్ తీశాడు.

"అమ్మకు మోకాళ్ల నొప్పులు, రాలేకపోయింది. ఒక్క ఫొటో చూపిస్త. గట్లనే నవ్వు."

కరుణ అట్లాగే నవ్వింది.

"రేపే కబురు చేస్తమన్నడు," పోతూ చెప్పాడు రాములు.

ఆ సాయంత్రం కరుణ కొంగు నడుముకు దోపుకుని వాకిలి ఊడ్చింది. అండాలు ఏదో అంటే పైకే నవ్వింది. గోపయ్య కూతురి వంక చూసి, చూపు తిప్పుకుని, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

చీపురు మూలకు పెట్టి కరుణ తమ్ముడి ముందు నిలబడింది.

"తియ్యిరా నీ ఫొటో. ఇగ నాకేం సిగ్గు?"

ప్రేమ్‌సాగర్ ఎగిరి గంతేశాడు. తీశాడు, పంపాడు. తెర మీద పడ్డది చదివి ఫోన్ వెనక్కి దాచబోయాడు.

"ఎన్ని స్టార్లొచ్చినయిరా?" నవ్వుతూనే ఫోన్ లాక్కుంది కరుణ.

'ఈ పళ్లు మధ్యాహ్నమే వచ్చాయి, పంపినది: పాలపిట్ట.'